పళ్లకు పని: కుక్కల కొరుకుడుపై ఒక సమీక్ష

మిరప కళ్లాలు నిండే రోజుల్లో, అంటే జనవరి నుంచి ఏప్రిల్ దాకా, పర్చూరు చుట్టుపక్కల ఊళ్లలో కుక్కల మీద ఫిర్యాదులు ఎక్కువగా వినిపిస్తాయి. వాకిట్లో చెప్పుల జత మిగలడం లేదని ఒకరంటారు. కళ్లంలో కాయ మీద కప్పిన పట్టా అంచులు పీలికలు చేసిందని ఇంకొకరు. డ్రిప్ పైపు కొరికేసి సాలంతా మడుగు చేసిందని, మోటారు దగ్గర వైరు నమిలిందని, మడిచిపెట్టిన గోతాలు చించిపోసిందని మరికొందరు. ల్యాబ్రడార్‌నో పమేరియన్‌నో తెచ్చుకున్న ఇళ్లలోనైతే సోఫా దిండ్లు, తలుపు చెక్క, సెల్‌ఫోన్ చార్జరు.

ప్రశ్న అందరిదీ ఒక్కటే: ఈ పాడు అలవాటు మాన్పించడం ఎలా? జవాబులు మాత్రం ఇంటికొకటి. దెబ్బ, కారం పూత, వేపనూనె, గొలుసు, బోను, ఎముక, రబ్బరు బొమ్మ, ఈమధ్య మాత్రలు కూడా. వీటిలో ఏది ఎందుకు పనిచేస్తుందో, ఏది ఎందుకు చేయదో ఒకచోట పెట్టి చూడాలన్నది ఈ వ్యాసం ఉద్దేశం. నా అభిప్రాయం ముందే చెబుతాను. కొరకడం కుక్కకు పుట్టుకతో వచ్చిన పని. దాన్ని పూర్తిగా ఆపే మార్గం లేదు, ఆపాల్సిన అవసరమూ లేదు. ఏం కొరకాలో, ఏది దాని నోటికి అందకూడదో మనం నిర్ణయించగలం. పత్తీ మిరపా పండించే మన నేలలో ఆ నిర్ణయం చెప్పులకన్నా, సోఫాలకన్నా చాలా పెద్దది. ఇక్కడ కుక్క నోటికి అందే దూరంలో పురుగుమందు ఉంటుంది.

పర్చూరు 1970 దాకా గుంటూరు జిల్లాలో, ఆ తర్వాత ప్రకాశంలో ఉండి, 2022 ఏప్రిల్ 4 నుంచి బాపట్ల జిల్లాలోకి వచ్చింది. జిల్లా పేరు ఏదైనా నేల అదే నల్లరేగడి, పంటలు అవే: పత్తి, మిరప, శనగ, పొగాకు, మొక్కజొన్న. ఈ నేల మీద కుక్క మొదటినుంచీ కాపలాదారు. ఆరబోసిన కాయ దగ్గర, గేదెల దొడ్డి దగ్గర, చేలో గుడిసె దగ్గర ఉండేది నాటుకుక్కే. ఊరంతా తిరిగే నాటుకుక్క ఇంటి సామాను పాడుచేసిందన్న మాట అరుదుగా వింటాం. దాని నోటికి పగలంతా ఏదో ఒక పని దొరుకుతుంది. కొల్లేటి ప్రాంతంలో బాతుల మందలు కాసే జోనంగి జాతి కుక్కదీ అదే కథ, రోజంతా మంద వెంట తిరుగుడే. ప్రహరీ కట్టి, గేటు పెట్టి, లోపల గొలుసు బిగించాకే కొరుకుడు ఒక సమస్యగా ముందుకొచ్చింది.

అన్ని కొరుకుళ్లూ ఒకటి కావు. ఎవరైనా ‘మా కుక్క కొరుకుతోంది’ అన్నప్పుడు అడగాల్సినవి మూడు: దాని వయసెంత, దేన్ని కొరుకుతోంది, ఎప్పుడు కొరుకుతోంది. ఈ మూడింటికీ సరైన జవాబు దొరికితే సగం వైద్యం అయిపోయినట్టే.

వయసు సంగతి. కుక్కపిల్లకు మూడో వారం నుంచి పాలపళ్లు వస్తాయి, రెండు నెలలకల్లా 28 పూర్తవుతాయి. నాలుగో నెల దగ్గర అవి రాలడం మొదలై, ఆరేడు నెలలకు 42 శాశ్వతమైన పళ్లు వస్తాయి. ఆ మూడు నెలలూ చిగుళ్లు సలుపుతుంటాయి. పిల్ల దొరికినదాన్నల్లా నోట పెట్టుకుంటుంది. దీనికి శిక్ష వేయడమంటే పళ్లొచ్చే పసివాణ్ని చీకుతున్నాడని కొట్టడమే. పాత తుండుగుడ్డ తడిపి, ముడివేసి, ఫ్రిజ్‌లో గడ్డకట్టించి ఇస్తే చిగుళ్లకు హాయిగా ఉంటుంది. పీలికలు ఊడుతుంటే మాత్రం తీసేయాలి. చాలామంది ఇక్కడితో గండం గడిచిందనుకుంటారు. కానీ ఆరు నెలలు నిండాక, ఏడాదిన్నర దాకా, దవడ బలం పెరిగి కుక్క మరింత గట్టిగా కొరుకుతుంది. ఎక్కువ సామాను పోయేది ఈ కాలంలోనే. పళ్లు వచ్చేశాయి కాబట్టి ఇది పొగరేనని యజమాని తీర్పు చెప్పేదీ, కుక్కను ఎవరికో ఇచ్చేయడమో ఊరి బయట వదిలేయడమో జరిగేదీ ఈ కాలంలోనే. అది పొగరు కాదు, యవ్వనం. మరో ఏడాది ఓపిక పడితే చాలావరకు తగ్గుతుంది.

పిల్లను మరీ చిన్నప్పుడే తల్లినుంచి వేరుచేయడం ఇంకో తప్పు. ఎంత గట్టిగా కొరికితే ఎదుటివాడికి నొప్పెడుతుందో పిల్ల నేర్చుకునేది తోడబుట్టినవాటితో ఆడుకుంటూనే. 2017లో కేంద్రం తెచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనలు ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదంటున్నాయి. ‘నెల పిల్ల, ముద్దుగా ఉంది’ అని అమ్మేవాళ్ల దగ్గర కొనకపోవడం కొనేవాడి చేతిలో ఉన్న పని.

జాతినీ చూడాలి. ల్యాబ్రడార్‌ను తయారుచేసిందే వేటగాడు కొట్టిన పక్షిని నోట కరుచుకుని తెచ్చేందుకు. ఏదైనా నోట్లో పెట్టుకుని తిరగడం దాని రక్తంలో ఉంది. కేంబ్రిడ్జి పరిశోధకులు 2016లో ఇంకో సంగతి బయటపెట్టారు. ల్యాబ్రడార్లలో దాదాపు నాలుగోవంతుకు ఆకలిని అదుపుచేసే ఒక జన్యువులో లోపం ఉందట. ఎంత తిన్నా తిండి యావ తీరని ల్యాబ్ మన ఇంట్లో ఉంటే అది దాని గుణం కాదు, పుట్టుక. అదే యావను శిక్షణకు వాడుకోవచ్చు కూడా. తిండి కోసం ఏమైనా నేర్చుకునే కుక్క అది.

ఇక, దేన్ని కొరుకుతోంది? చెప్పులు నమిలే కుక్క వేమన నాటికే తెలుగువాళ్లకు తెలుసు. ఆయన పద్యంలో అది మంచి రుచి ఎరుగని అల్పజీవి. కుక్క వైపునుంచి చూస్తే లెక్క వేరు. ఆనాటి చెప్పంటే పశువు తోలు, దానికి పట్టించిన ఆముదం, పైన మనిషి చెమట. కుక్కకు అంతకన్నా పసందైన వస్తువు ఇంట్లో ఏముంది? మనిషి ముక్కులో వాసన పట్టే కణాలు 50, 60 లక్షలైతే కుక్కకు 20 కోట్లకు పైనే. అమెరికాలో ఎమోరీ విశ్వవిద్యాలయానికి చెందిన గ్రెగరీ బర్న్స్ బృందం 12 కుక్కల మెదళ్లను స్కానర్‌లో పరీక్షించి 2015లో ఫలితాలు ప్రచురించింది. రకరకాల వాసనలు చూపిస్తే, మంచి జరగబోతోందన్న ఆశతో ముడిపడిన మెదడు భాగం బాగా తెలిసిన మనిషి వాసనకే అన్నిటికన్నా ఎక్కువగా స్పందించిందట. యజమాని లేనప్పుడు కుక్క ఆయన చెప్పునే, ఆయన తువ్వాలునే ఎంచుకుని నమలడంలో పగ ఏమీ లేదు. ఆ ఇంట్లో ఆయన మిగిల్చి వెళ్లింది ఆ వాసనే. ‘నామీద కోపంతో నావే కొరికింది’ అనేవాళ్లు ఈ సంగతి ఒకసారి ఆలోచించాలి.

మూడో ప్రశ్న, ఎప్పుడు కొరుకుతోంది అన్నది, మన ప్రాంతానికి అన్నిటికన్నా ముఖ్యం. పత్తితీతలు, కాయకోతలు వచ్చాయంటే తెల్లవారకముందే ఇల్లు ఖాళీ అవుతుంది. కాయ కళ్లంలో ఉన్నన్నాళ్లూ మగవాళ్ల పడక కూడా అక్కడే. మామూలు రోజుల్లో నలుగురి మధ్య తిరిగిన కుక్క ఈ మూడు నాలుగు నెలలూ గుంజకు కట్టిన గొలుసుతో, ఒక గిన్నె అన్నంతో పొద్దు గడుపుతుంది. ఫిర్యాదులు ఇప్పుడే పెరగడంలో ఆశ్చర్యం లేదు. కుక్కకు పనీ లేదు, మనిషీ లేడు. మిగిలింది పళ్లు.

ఇందులోనూ రెండు రకాలున్నాయి. ఏమీ తోచక కొరికే కుక్క అందినదల్లా కొరుకుతుంది, మధ్యలో నిద్రపోతుంది, పెట్టింది తింటుంది. ఒంటరితనం భరించలేని కుక్క అలా కాదు. మనిషి గడప దాటిన అరగంటలోపే మొదలుపెడుతుంది. తలుపు, కిటికీ, గేటు, అంటే మనిషి వెళ్లిన దారినే కొరుకుతుంది. చొంగ కారుస్తుంది, ఏడుస్తుంది, ఇల్లు పాడుచేస్తుంది, ఎదురుగా మాంసం పెట్టినా ముట్టదు. ఒక సెల్‌ఫోన్‌ను గూట్లో పెట్టి వీడియో తీస్తే ఏ రకమో తెలిసిపోతుంది. మొదటిదానికి వ్యాయామం, నోటికి పని చాలు. రెండోది నిజమైన భయం. కొడితే ఆ భయం రెట్టింపవుతుంది. దానికి వైద్యం మెల్లగా అలవాటు చేయడమే: తలుపు దాకా వెళ్లి రావడం, గడప దాటి రావడం, ఒక నిమిషం, ఐదు నిమిషాలు, పావుగంట. కుక్క బెదిరే లోపు తిరిగి రావాలన్నది సూత్రం. ముదిరిన కేసులకు మందులూ ఉన్నాయి. క్లోమిప్రమిన్‌ను 1998లో, ఫ్లూఆక్సెటిన్‌ను 2007లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ కుక్కల్లో ఈ రుగ్మతకే ఆమోదించింది. అవి పశువైద్యుడి చీటీతో, శిక్షణతో కలిపి వాడాల్సినవి. మనుషుల మాత్రలు సగం విరిచి వేయడం ప్రమాదం.

గొలుసు గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. కొరుకుడుకు మనవాళ్లు ముందు ఎంచుకునే మందు ఇదే, కొరుకుడును పెంచేదీ ఇదే. జంతుహింస నివారణ చట్టం 1960లోనే, 11వ సెక్షన్‌లో, మరీ పొట్టి లేదా మరీ బరువైన గొలుసుతో గంటల తరబడి కట్టేయడాన్ని హింసగా లెక్కగట్టింది. ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కను తిప్పకపోవడమూ అదే సెక్షన్ కింద నేరం. మొదటి తప్పుకు జరిమానా 10 నుంచి 50 రూపాయలు. ఆ అంకె చూసి చట్టాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. కట్టేసిన కుక్కను తిప్పడం యజమాని బాధ్యత అని అరవై ఏళ్ల కిందటే రాసిపెట్టారన్నది అందులో అసలు సంగతి.

తిండి వైపూ చూడాలి. మట్టి, గోడ సున్నం, బొగ్గు, గుడ్డలు తినే కుక్కకు కడుపులో నులిపురుగులు ఉండొచ్చు, పిడుదుల వల్ల వచ్చే జ్వరంతో రక్తం తగ్గి ఉండొచ్చు. మనదగ్గర రెండూ ఎక్కువే. పెరుగన్నం ఒక్కటే పెట్టడం ఇంకో కారణం. కుక్క అన్నం అరిగించుకోలేదనే మాట నిజం కాదు. స్వీడన్‌లోని ఉప్సలా శాస్త్రవేత్తలు 2013లో తేల్చిందేమిటంటే, పిండిపదార్థం అరిగించే జన్యువు తోడేలుకన్నా కుక్కకు ఎన్నో రెట్లు ఉంది, మనిషి పక్కన బతుకుతూ సంపాదించుకుంది. అయితే పెరిగే పిల్లకు ఆ అన్నంతోపాటు గుడ్డు, చేప, మాంసం లాంటి బలమైన తిండి కావాలి. అది లేకపోతే పిల్ల వెతుక్కుంటూ పోతుంది.

ఇంకొకటి ఉంది. దీన్ని శిక్షణ సమస్య అనుకుంటే ప్రాణాలు పోతాయి. ఇన్నాళ్లూ బాగున్న కుక్క ఉన్నట్టుండి కర్ర, రాయి, గొలుసు, మట్టి, ఏది పడితే అది కరవడం మొదలుపెడితే, గొంతు మారితే, చొంగ కారుతుంటే, కింది దవడ వేలాడుతుంటే అది రేబిస్ కావచ్చు. మూగగా ఉండే రకంలో గొంతులో ఎముక ఇరుక్కున్నట్టే కనిపిస్తుంది. పాపమని నోట్లో చెయ్యిపెట్టినవాళ్లకు ఆ చొంగే ముప్పు. అలాంటి కుక్కను మనుషులకు దూరంగా ఉంచి పశువైద్యుడికి చెప్పాలి. చొంగ తగిలినా, గీసుకున్నా సబ్బుతో ధారగా పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లి టీకా వేయించుకోవాలి. జబ్బు బయటపడ్డాక మందు లేదు. మూడు నెలల వయసులో పిల్లకు వేయించే టీకా, ఆ తర్వాత వైద్యుడు చెప్పిన గడువులకు వేయించేవీ ఈ భయాన్ని దాదాపుగా తీసేస్తాయి.

ఇక పర్చూరు నేలకు ప్రత్యేకమైన సంగతి. తెల్లదోమ పత్తిని ఊడ్చేసిన 1987-88 నాటినుంచి ఈ ప్రాంతపు ఇళ్లలో పురుగుమందు డబ్బా ఉప్పు డబ్బా అంత మామూలు వస్తువైంది. పశువుల చావిట్లో, మంచం కింద, వసారా మూలలో, స్ప్రేయర్ పక్కన అవి ఉంటాయి. వయసులో ఉన్న కుక్కకు ప్లాస్టిక్ డబ్బా నమలడానికి బాగుంటుంది, మూత కొరికితే ఊడుతుంది. మన దేశంలో అమ్మే ప్రతి మందు డబ్బా మీదా రంగు త్రికోణం ఉంటుంది: ఎరుపు అత్యంత విషం, పసుపు తీవ్ర విషం, నీలం మధ్యరకం, ఆకుపచ్చ కొద్దిపాటి విషం. 1971 నాటి పురుగుమందుల నిబంధనలు పెట్టిన గుర్తులివి. విరుగుడు ఏమిటో కూడా ఆ లేబుల్ మీదే ఉంటుంది. అందుకే కుక్క డబ్బా కొరికిందని తెలిస్తే డబ్బాను పారేయకుండా దాంతోపాటే వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లాలి.

మోనోక్రోటోఫాస్ వర్గపు మందులు కుక్క కడుపులోకి పోతే ముందు చొంగ, వాంతులు, విరేచనాలు, తర్వాత కంటిపాప చిన్నదవడం, కండరాల వణుకు, ఊపిరాడకపోవడం వరసగా వస్తాయి. పశువైద్యుడు వేసే అట్రోపిన్ ప్రాణం నిలుపుతుంది, వేళకు అందితేనే. చింతపండు రసం, మజ్జిగ, నూనె పోస్తూ గంట గడిపితే ఆ వేళ దాటిపోతుంది. వాంతి కోసం ఉప్పునీళ్లు పోయడం మరీ చెడ్డది. ఉప్పు రక్తంలో పెరిగి అదే చంపగలదు. ఫోరేట్ గుళికలను దేశంలో 2020 చివరినుంచి నిషేధించారు. అటకల మీద పాత పొట్లాలు ఇంకా ఉంటే వాటి సంగతి ఇవాళే చూడాలి. ఎలుకల మందుల్లో నల్లగా వెల్లుల్లి వాసన వేసే జింక్ ఫాస్ఫైడ్ కడుపులోని ఆమ్లంతో కలిసి విషవాయువు అవుతుంది. బ్రోమడయోలోన్ బిళ్లలు తిన్న కుక్క రెండు మూడు రోజులు మామూలుగానే ఉండి, ఆ తర్వాత లోలోపల రక్తం కారి కూలిపోతుంది. వాటికి విటమిన్ కె1 విరుగుడు. ‘తిన్నా ఏమీ కాలేదు’ అని ఊరుకోవడం ఇక్కడే కొంపముంచుతుంది. పత్తిగింజలోనూ గాసిపాల్ అనే విషం ఉంది. నెమరువేసే గేదె కొంతవరకు తట్టుకుంటుంది, కుక్క గుండెకు అది చేటు. పత్తిచెక్క గోతాన్ని కుక్క అందుకోకుండా పెట్టాలి. మోటారు వైరు, సర్వీసు వైరు నమిలే కుక్క సంగతి వేరే చెప్పనక్కర్లేదు. వైరును ఇనుప గొట్టంలోనో గట్టి పైపులోనో వేయించడం మనుషులకూ మంచిదే.

ఇప్పుడు వాడుకలో ఉన్న వైద్యాల మంచిచెడ్డలు చూద్దాం.

‘రెండు తగిలిస్తే అదే మానుకుంటుంది’ అన్నది పెద్దల మాట. సాయంత్రం పొలంనుంచి వచ్చి, పొద్దున చిరిగిన పట్టా చూపించి కొడితే కుక్కకు అర్థమయ్యేది ఒక్కటే: ఈయన ఇంటికొచ్చే వేళ ప్రమాదం. ‘తప్పు చేసిందని దానికి తెలుసు, మొహం చూడు’ అంటారు. ఆ మొహాన్నే న్యూయార్క్‌లోని బార్నార్డ్ కళాశాలకు చెందిన అలెగ్జాండ్రా హొరొవిట్జ్ 2009లో 14 కుక్కలతో పరీక్షించారు. తప్పు చేసినా చేయకపోయినా, యజమాని కోప్పడితే కుక్క ఆ మొహం పెట్టింది. ఏ తప్పూ చేయనివి కూడా పెట్టాయి. అది పశ్చాత్తాపం కాదు, భయం. బ్రిటన్‌లో 364 మంది యజమానులను అడిగి 2004లో ప్రచురించిన అధ్యయనంలో ఇంటి వస్తువులు కొరక్కుండా నేర్పడంతో సహా ఏ పనికీ దండన అన్నిటికన్నా మెరుగైన పద్ధతిగా తేలలేదు. శిక్షలు ఎక్కువైన ఇళ్లలో కుక్కల సమస్యలూ ఎక్కువే ఉన్నాయి.

‘మందకు నాయకుడు నువ్వేనని చూపించాలి’ అని టీవీలో, వీడియోల్లో చెప్పే శిక్షకుల మాటకు మూలం 1947లో రుడాల్ఫ్ షెంకెల్ బోనులో ఉన్న తోడేళ్లను చూసి రాసింది. ఆ భావనను తన పుస్తకంతో లోకమంతా పాకించిన డేవిడ్ మెక్, అడవిలో తోడేళ్ల మంద అంటే తల్లీ తండ్రీ పిల్లలేనని 1999లో స్వయంగా సరిదిద్దుకున్నారు. ఆ పాత లెక్కతో కుక్కను వెల్లకిలా తొక్కిపట్టడం ఇంకా సాగుతోంది. మానాల్సిన పద్ధతుల్లో ఇది మొదటిది.

కారం సంగతి మన ప్రాంతంలో చెప్పకుండా దాటలేం. చెప్పుకు, మంచంకోడుకు, తలుపుకు కారం పులమడం గుంటూరు సీమలో చేతికందే ఉపాయం. మిరపలోని ఘాటు నోటిలోని ఏ తలుపు తడుతుందో డేవిడ్ జూలియస్ 1997లో కనిపెట్టారు, 2021లో నోబెల్ అందుకున్నారు. పక్షులకు ఆ ఘాటు తగలదు, కుక్కకు తగులుతుంది. అయినా ఇది నిలిచే వైద్యం కాదు. కారం కూర కలిపిన అన్నం తిని పెరిగిన కుక్కకు అది కొత్తేమీ కాదు. పొడి కంట్లో, ముక్కులో పడితే గాయమవుతుంది. పసిపిల్లల చేతికి అంటుతుంది. అన్నిటికీ మించి, ఒక కోడుకు కారం పూస్తే కుక్క పక్క కోడుకు పోతుంది. వేపనూనె కొంత నయమే గాని కడుపులోకి ఎక్కువగా పోతే చేటు, చిన్నపిల్లలకు అసలు వద్దు. అంగట్లో దొరికే చేదు స్ప్రేల్లో తరచూ ఉండేది డెనటోనియం, 1958లో స్కాట్లాండ్‌లో పుట్టిన అత్యంత చేదైన పదార్థం. కొన్ని కుక్కలు దాన్నీ లెక్కచేయవు. రోజూ చల్లుతూ, పక్కనే కొరకదగిన వస్తువు పెడితే అది ఆసరాగా ఉంటుంది, ఒంటరిగా చాలదు.

బోను పాశ్చాత్య పుస్తకాల్లో మొదటి సలహా. మే నెల ఎండలో, రేకుల వసారాలో బోనులో పెట్టిన కుక్క వడదెబ్బకు చావొచ్చు. ఒంటినిండా చెమట పట్టని జంతువు అది, వగరుస్తూ ఒళ్లు చల్లబరచుకోవాలి. మనకు పనికొచ్చేది నీడ పట్టున ఒక గదో, జాలీ తలుపు వేసిన వసారా మూలో. అందులో నీళ్లు, పక్క, కొరుక్కునే వస్తువు తప్ప మరేదీ ఉండకూడదు.

ఎముకల విషయంలో మన అలవాటు మారాలి. ఆదివారం కోడికూరలో ఉడికిన ఎముక నిలువునా చీలి పేగుకు గుచ్చుకుంటుంది. మరీ గట్టి ఎముక, కొమ్ము, గిట్ట పై దవడలోని పెద్ద పన్నును పగలగొడతాయి. గోటితో నొక్కితే కాస్తయినా సొట్ట పడని వస్తువు కుక్కకు ఇవ్వకూడదన్నది దంతవైద్యం తెలిసిన పశువైద్యుల కొలబద్ద. ఎండాకాలంలో మామిడి టెంక, మొక్కజొన్న బెండు రెండూ పేగుకు అడ్డంపడి ఆపరేషన్ దాకా తెస్తాయి. తిని పారేసిన వాటిని కుక్కకు విసరడం ఆపాలి. తోలు బిళ్లలు ఇస్తే దగ్గర కూర్చోవాలి, చివరి ముక్క గుటుక్కుమనకముందే తీసేయాలి.

రబ్బరు బొమ్మలది మంచి చరిత్ర. 1970లలో అమెరికాలోని కొలరాడోలో జో మార్కమ్ అనే ఆయన, రాళ్లు నమిలి పళ్లు అరగదీసుకుంటున్న తన జర్మన్ షెపర్డ్ ఒక పాత వాహనపు రబ్బరు విడిభాగాన్ని వదలకపోవడం చూసి, లోపల బోలుగా ఉండే కాంగ్ బొమ్మను తయారుచేశాడు. అందులో తిండి కూరితే కుక్క గంటసేపు దాంతోనే ఉంటుంది. ఖరీదు ఎక్కువే అయినా రెండు జతల చెప్పులకన్నా తక్కువే పడుతుంది. పెరుగన్నం, ఉడికించిన గుడ్డు కూరి గడ్డకట్టించి ఇవ్వొచ్చు. ఉల్లి, వెల్లుల్లి మాత్రం తగలకూడదు. అయితే బొమ్మ కొని పడేస్తే సరిపోదు. బ్రిస్టల్‌లో జాన్ బ్రాడ్‌షా బృందం 2012లో చూపింది ఇదే: కుక్క ఒక బొమ్మతో త్వరగా విసుగెత్తుతుంది, దాని రంగో వాసనో మారిస్తే మళ్లీ ఆసక్తి పుడుతుంది. మూడు బొమ్మలుంటే ఒకటి బయట, రెండు పెట్టెలో ఉంచి మారుస్తుండాలి.

డబ్బు పెట్టలేని ఇంట్లోనూ చేయగలిగినవి ఉన్నాయి. తిండిని గిన్నెలో పెట్టే బదులు కొంత భాగాన్ని వాకిట్లో చల్లాలి. శనగ పండే నేల మనది. ఉప్పు లేకుండా ఉడికించిన గుప్పెడు శనగలు దొడ్డి నిండా చల్లితే కుక్క ముక్కుతో వెతుక్కుంటూ అరగంట గడుపుతుంది, అలిసి పడుకుంటుంది. చెప్పులకు గూడు కట్టించాలి, నేలమీద వదలకూడదు. కొరకకూడనిది నోట్లో ఉంటే వెంటపడకూడదు. మనం పరిగెత్తితే కుక్కకు అది ఆట. దగ్గరకు పిలిచి, ఒక ముక్క చూపించి, అది వదలగానే ‘శభాష్’ అని ఇచ్చేయాలి. పది రోజులు ఇలా చేస్తే ‘వదులు’ అన్న మాటకే వదిలే కుక్కలు చాలా ఉన్నాయి. పురుగుమందు డబ్బా నోట పట్టిన నాడు ఆ మాటే దాన్ని కాపాడుతుంది. డ్రిప్ పైపు కొరికే కుక్కకు చేలో దాహం తీరే చోటు ఉందో లేదో ముందు చూడాలి. ఎండల్లో నీళ్లున్న పైపును కొరకడంలో దాని తప్పు వెతకడం అన్యాయం. గట్టు మీద ఒక తొట్టి నీళ్లు పోయించండి.

కోతల కాలానికి నా సలహా ఒకటుంది. కుక్కను ఇంట్లో కట్టేసి వెళ్లేకన్నా కళ్లానికి తీసుకెళ్లండి. నీడ, నీళ్లు, దూరంగా పెట్టిన మందు డబ్బాలు ఉంటే అక్కడ దానికి మనిషీ ఉంటాడు, పనీ ఉంటుంది. కుదరకపోతే తెల్లవారుజామున బయల్దేరేముందు అరగంట నడిపించి, నోటికి పని ఇచ్చి, మధ్యాహ్నం ఇంటి పక్కవాళ్లు ఒకసారి పలకరించేలా చూడండి. ఆ అరగంట నడక లేకుండా కొన్న ఏ బొమ్మా, పూసిన ఏ చేదూ పనిచేయదు. ఈ ప్రశ్న మీద నేను చదివినవీ చూసినవీ అన్నీ ఈ తీర్పు దగ్గరికే వస్తున్నాయి.

ఈ వారంలో రెండు పనులు చేయండి. ఇంట్లో, చావిట్లో ఉన్న మందు డబ్బాలన్నీ, ఖాళీవి కూడా, తాళం వేసే పెట్టెలోకి చేర్చండి. మన రాష్ట్రంలో సంచార పశువైద్య వాహనాన్ని పిలిచే నంబరు 1962. దాన్ని ఇంట్లో అందరి ఫోన్లలో ఎక్కించండి.